కార్డైతే రెండు పర్సెంటు పడతాది మాస్టారూ!

విజయనగరంలో మొట్టమొదటి క్రెడిట్ కార్డుదారు గిరీశం. బ్యాంకు పూటకూళ్లమ్మ. సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లాడు. సామాను రాలేదు, సొమ్ము డాన్సింగు గర్లు పద్దులో పడింది. నెల తిరిగేసరికి రికవరీకి బ్యాంకే స్వయంగా చీపురుకట్ట పట్టుకుని దిగింది. తీరా దెబ్బ మంచం కింద దూరిన గిరీశానికి తగిలిందా? లేదు. అదే మంచం కింద నక్కిన రామప్పంతులుకి తగిలింది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లోని ఈ ఘట్టం కంటే కార్డు కమీషన్ల సంగతి విడమరిచి చెప్పిన ఆర్బీఐ సర్క్యులర్ ఏదీ నా కంటపడలేదు. వాడుకునేవాడొకడు, తన్నులు తినేవాడు ఇంకొకడు.

ఇక నరసన్నపేట పదండి. పెళ్లిళ్ల రోజులు, ఒకానొక బంగారం కొట్టు. అద్దాల తలుపు మీద వీసా, మాస్టర్‌కార్డ్, రూపే స్టిక్కర్లు మూడూ దేవుడి పటాల్లా వరసగా ఉంటాయి. లోపల తరుగు దగ్గర బేరం మొదలవుతుంది. మజూరీ దగ్గర అలకలు, అత్తగారి నిట్టూర్పులు. మూడు శాతం జీఎస్టీ దగ్గర అందరూ కలిసి ప్రభుత్వాన్ని తిట్టుకుని ఒక్కటవుతారు. కూల్‌డ్రింకులొస్తాయి. లక్ష రూపాయలకు బిల్లు తెగాక మీరు జేబులోంచి కార్డు తీస్తారు. అంతవరకూ చుట్టంలా మాట్లాడిన షావుకారు ఒక్కసారిగా బ్యాంకు గుమస్తా అయిపోతాడు.

“కార్డైతే రెండు పర్సెంటు పడతాది మాస్టారూ. ఫోన్‌పే కొట్టీండి. నేదంటే కేషిచ్చీండి.”

“తలుపు మీద స్టిక్కర్లున్నాయి కదండీ?”

“స్టిక్కర్లు కంపెనీవోడు అంటించాడండీ.”

“సరే, ఆ రెండు శాతం బిల్లులో రాసివ్వండి.”

“రాయడానికి కాలం నేదండి. కంప్యూటరు తీసుకోదు.”

లెక్కలేనన్ని సంగతులు తీసుకునే కంప్యూటరు ఈ ఒక్కటే తీసుకోదు. చివరికి మీ చేతికి రెండు కాయితాలొస్తాయి. బిల్లులో లక్ష, మిషను స్లిప్పులో లక్షా రెండు వేలు. మధ్యలోని రెండు వేలకు ఊరూ పేరూ లేదు. తరుగు కాదు, మజూరీ కాదు, పన్ను అసలే కాదు.

షావుకారు వైపు న్యాయం లేదనను. క్రెడిట్ కార్డు గీకితే కొట్టు ఖాతాలో పూర్తి సొమ్ము పడదు. సుమారు రెండు శాతం కమీషను పోతుంది, ఆ కమీషను మీద 18 శాతం జీఎస్టీ. రెండు శాతం లెక్కన లక్షకు 2,360 రూపాయలు. అందులో 360 జీఎస్టీ లెక్కల్లో తిరిగి సర్దుకోవచ్చుననుకోండి, ఆ సంగతి కౌంటరు దగ్గర ఎవరూ ఎత్తరు. మిగిలిన రెండు వేలలో పెద్ద వాటా మీకు కార్డిచ్చిన బ్యాంకుది. కొంత మిషనిచ్చిన బ్యాంకుది, కొంత వీసా, మాస్టర్‌కార్డ్‌లది. పెద్ద వాటా తీసుకున్న బ్యాంకు అందులోంచి చిటికెడు తీసి మీకు పాయింట్లుగా విదిలిస్తుంది. ఆ చిటికెడు కోసం మనం రెండు వేలు ఎదురిచ్చి, “పాయింట్లు వచ్చాయే!” అని ఇంటికొచ్చి చెప్పుకుంటాం. ఇంత తెలివైన కొనుగోలుదారు దొరికినందుకు బ్యాంకులు మనకు సన్మానం చెయ్యాలి. ఆ శాలువా మీద కూడా సర్వీసు చార్జీ వేస్తారేమో గాని.

షావుకారు దగ్గర ఇంకో బ్రహ్మాస్త్రం ఉంది. “శ్రీకాకుళం రోడ్డు నుంచి హైదరాబాదుకు ఆన్‌లైన్లో టిక్కెట్టు తీసినప్పుడు సార్జీ కట్టనేదేటి మీరు?” కట్టాం మరి. పెద్ద నోట్ల రద్దు పుణ్యమా అని 2016 నవంబరులో ఎత్తేసిన కన్వీనియెన్స్ ఫీజును ఐఆర్‌సీటీసీ 2019 సెప్టెంబరు 1 నుంచి మళ్లీ దింపింది. స్లీపరుకు 15, ఏసీకి 30, పైన జీఎస్టీ. యూపీఐ అయితే ఐదో పదో తక్కువ. “రైలోడు తీసుకుంటే కన్వీనియెన్సు, నాను తీసుకుంటే దొంగతనమేటి?” ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రైలువారు టిక్కెట్టు మీద రాసి మరీ తీసుకుంటారన్న ఒక్క తేడా తప్ప.

ఈ రెండు శాతాన్ని ఎవరి ఒళ్లోంచి ఎవరి ఒళ్లోకి తోస్తున్నారో దేశమంతా చూసిన రోజు ఒకటుంది. 2017 జనవరి. నగదు లేదు, కార్డు గీకండి అని జనానికి రెండు నెలలుగా పాఠం చెబుతున్నారు. సరిగ్గా అప్పుడే బ్యాంకులు పెట్రోలు బంకులకు కబురంపాయి: 9వ తేదీ నుంచి క్రెడిట్ కార్డు అమ్మకాల మీద ఒక శాతం మీరే కట్టాలి. అయితే అసలు కార్డులే తీసుకోం పొమ్మన్నారు డీలర్లు. బ్యాంకులు హడావిడిగా 13వ తేదీకి వాయిదా వేశాయి. వినియోగదారు కట్టక్కర్లేదు, డీలరూ కట్టక్కర్లేదు అని కేంద్రం ప్రకటించింది. బ్యాంకులేమో ధర్మసత్రాలు కావు. మరి ఎవరు కట్టినట్టు? అప్పటికి మంచం కింద రామప్పంతులు ఎవరో ఎవరూ పైకి చెప్పలేదు.

ఆ ఏడాదే డిసెంబరు 6న ఆర్బీఐ డెబిట్ కార్డుల కమీషనుకు గరిష్ఠ పరిమితి పెట్టి, దాన్ని వ్యాపారులు ఖాతాదారుల నెత్తిన రుద్దకుండా చూడమని బ్యాంకులకు చెప్పింది. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకూ యూపీఐకీ వ్యాపారి కమీషనే సున్నా. అందుకే శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో టీ కొట్టువాడు పది రూపాయలకు కూడా నవ్వుతూ స్కానరు చూపిస్తాడు. క్రెడిట్ కార్డుకు అలాంటి పరిమితి లేదు.

సీమదేశాల్లో ఏం చేశారంటారా? బ్రిటన్ 2018 జనవరి 13 నుంచి మామూలు కొనుగోలుదారుల మీద కార్డు సర్‌చార్జీని నిషేధించింది. అమెరికాలో చాలాచోట్ల వెయ్యనిస్తారు గానీ గుమ్మంలోనే బోర్డు పెట్టాలి, రసీదులో విడిగా చూపాలి. అక్కడ పెట్రోలు బంకుల్లో క్యాష్ ధర ఒకటి, కార్డు ధర ఒకటి, ఆమడ దూరం నుంచే కనబడేంత అక్షరాల్లో. డాలస్‌లో ఉన్న టెక్కలి కుర్రాడు అది చూసే బండి తిప్పుతాడు. సెలవులకొచ్చి చెల్లి పెళ్లికి గొలుసు కొన్నప్పుడు మాత్రం బిల్లు తెగాకే తెలుసుకుంటాడు.

నగదే మేలనుకుందామా అంటే రెండు లక్షలు, ఆ పైన నగదు పుచ్చుకోవడాన్ని 2017 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. “ఏటవుతాది బాబూ, బిల్లు రెండు పేర్ల మీద రాసేస్తాను” అంటాడు షావుకారు. దీనికి మాత్రం కంప్యూటరులో కాలం ఉంది.

మిషను ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చెయ్యొచ్చు. ఒక మేనేజరుగారిని కలిసి రెండు కాయితాలూ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండూ చదివారు.

“ఆ రెండు వేలకు మీరు ఇంకేదైనా కొన్నారేమోనండి?”

“లేదండి. కావాలంటే కొట్టువాణ్ణి అడగండి.”

“మంచి పార్టీయండి. కరెంటకౌంటు మన దగ్గరే.”

“పోనీ, మీరైతే ఏం చేస్తారు సార్?”

ఆయన గొంతు తగ్గించారు. “మొన్న మా అమ్మాయి హారం అక్కడే తీసుకున్నామండి. క్యాష్ ఇస్తే తరుగులో ఒక పర్సెంటు తగ్గించాడు.”