తెల్లటి ఇసుక

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మిత్రుడు ఓ శనివారం ఫోన్ చేశాడు. "అన్నా, మా సముద్ర దోసకాయ రెండ్రోజులుగా కదలడం లేదు. ఒక్కసారి వచ్చి చూడవా?" సముద్ర దోసకాయంటే కాయ కాదు, సీ కుకుంబర్ అనే సముద్ర జీవి. మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఇంట్లో పగడాల అక్వేరియం ట్యాంకు పెట్టినవాళ్లు తక్కువే. ఎవరి నీళ్లలో ఏ తేడా వచ్చినా నాకే కబురొస్తుంది.

తలుపు తీసింది వాళ్లమ్మగారు. భీమవరం నుంచి మనవడి కోసం వచ్చారు. "రా బాబూ, బాగున్నావా?" అని, చంకలో పిల్లాణ్ని సర్దుకుంటూ, మడతపెడుతున్న బట్టల గుట్ట వైపు వెళ్లిపోయారు.

"అమ్మ వచ్చాక ఇల్లు చూశావా అన్నా, అద్దంలా ఉంటోంది. మా ఇద్దరికీ ఆఫీసు తప్ప వేరే ధ్యాస అక్కర్లేకుండా పోయింది," అంటూ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లాడు.

నిజంగా ముచ్చటైన ట్యాంకు. ఇసుక మీద నాచు మరక ఒక్కటి లేదు. రాయి పక్కన వేలెడంత పొడవున పడి ఉంది దోసకాయ. ఫ్లోరిడా వైపు నుంచి వచ్చే టైగర్ టెయిల్ రకం.

"ఏం పెడుతున్నావ్ దీనికి?"

"ఏమీ అక్కర్లేదన్నాడు షాపువాడు. ఇసుక శుభ్రం చేస్తూ అందులోదే తినేస్తుందిట. అన్నట్టే, అదొచ్చాక నేను ఇసుక ముట్టుకోలేదు."

"తెచ్చిన రోజు ఫోటో ఉందా?"

ఫోన్‌లో వెతికి చూపించాడు. అదే రాయి, అదే దోసకాయ. జానెడు పైనే ఉంది. వాడు ఫోటో వంకా ట్యాంకు వంకా మార్చి మార్చి చూశాడు.

నేను చెప్పాల్సొచ్చింది. అది తినేది ఇసుకను కాదు, ఇసుక రేణువుల మీద పట్టిన పొరను. బ్యాక్టీరియా, కంటికానని నాచు, కుళ్లిన తుక్కు, ఇవే దాని తిండి. ఇసుకను మింగి, ఆ పొరను అరిగించుకుని, శుభ్రమైన ఇసుకను వెనకనుంచి వదులుతుంది. ఆస్ట్రేలియాలో హెరాన్ దీవి చుట్టూ ఉన్న ఒక్క పగడపు దిబ్బ మీదే దోసకాయలు ఏటా 64,000 టన్నులకు పైగా ఇసుకను ఇలా కడుపులోంచి పంపుతాయని డ్రోన్లతో లెక్కగట్టి 2021లో ప్రకటించారు. అక్కడ సముద్రం ఎప్పటికప్పుడు కొత్త తిండి తెచ్చి పోస్తుంది. ఇక్కడున్నది నాలుగు గుప్పిళ్ల ఇసుక. దోసకాయ ఎంత బాగా పనిచేస్తే దాని తిండి అంత త్వరగా అయిపోతుంది.

ఇక నన్ను ఎప్పుడూ కలచివేసేది ఆ తర్వాత జరిగేదే. ఈ ప్రాణికి గట్టి అస్థిపంజరం లేదు, అరుపు లేదు. తిండి చాలకపోతే తన ఒంటినే కరిగించుకుని బతుకుతుంది. కరుగుతూనే ఇసుక మింగుతుంది, వదులుతుంది. పని ఆగదు కాబట్టి యజమానికి అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది.

"ఇంకా ప్రాణముంది. ఇవాళ్టి నుంచి నాచు బిళ్లలు నానబెట్టి దాని పక్కనే వెయ్యి. కోలుకున్నాక, పెద్ద పాత ట్యాంకు ఉన్నవాళ్లెవరికైనా ఇచ్చెయ్," అన్నాను.

వాడు నిజంగానే బాధపడ్డాడు. "నా అవసరానికి తెచ్చుకుని, అదేం తింటోందో చూసుకోలేదన్నా. రోజూ పొద్దున్న దీని ముందే నిలబడి కాఫీ తాగుతాను. ఇంతలా చిక్కిపోతే నా కంటికెలా ఆనలేదు?"

అమ్మగారు కాఫీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"రోజూ చూసేవాళ్లకి తెలియదురా నాన్నా," అన్నారు. "నేను దిగిన రోజు ఎయిర్‌పోర్టులో తీశావే, ఆ ఫోటో కూడా ఓసారి తియ్యి."