మాట్లాడటం నేర్పబడును, దయచేసి నోరు మూసుకోండి

తమిళనాడులో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న మా ఎలవూరు పిల్లలకు ఇక మాటల కరువు తీరినట్టే. స్పోకెన్ ఇంగ్లీషు ఫోన్‌లోకే వచ్చేసింది. ఈ మాటల బడిలో టీచరమ్మ మొట్టమొదట నేర్పే పాఠం: "అందరూ మ్యూట్‌లో పెట్టుకోండి!"

లెక్క చూద్దాం. ఉచిత జూమ్‌లో గుంపు మీటింగు 40 నిమిషాలకు తెగిపోతుంది. పిల్లలు 40 మంది ఉన్నారనుకోండి, తలకొక నిమిషం. అదీ టీచరమ్మ నోరు విప్పకుండా, హాజరు పిలవకుండా ఉంటేనే. ఆ నిమిషంలో సగం "యామ్ ఐ ఆడిబుల్, మేడమ్?"కే సరి. అయినా ఇంగ్లీషు రాలేదంటే ఒప్పుకోను. ఆ ముక్కా, "నెట్‌వర్క్ ఇష్యూ, మేడమ్" అన్న ముక్కా మావాడు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. హోంవర్కు అడిగితే రెండోది మరీ స్పష్టంగా పలుకుతాడు.

అవ్వకే ఈ చదువు అంతుబట్టలేదు.

"ఏమిరా, ఇంతసేపూ దాన్నే చూస్తా ఉండావు, ఒక్క మాటన్నా మాట్లాడవేం?"

"ఇది మాట్లాడే క్లాసు అవ్వా, నువ్వు గమ్మునుండు!"

క్రమశిక్షణ ఇంటిల్లిపాదికీ అంటుకుంది.

చెన్నై-కోల్‌కతా రహదారి మీద, మా చెక్‌పోస్టు దగ్గర టీ కొట్టాయనకు ఏ క్లాసూ లేదు. ఊరివాళ్లతో తమిళం, నెల్లూరు డ్రైవరుతో తెలుగు, ఉత్తరాది లారీలతో హిందీ. తప్పు మాట్లాడితే చిల్లర తేడా వస్తుంది, అక్కడికక్కడే దిద్దుబాటు. సర్టిఫికెట్టు ఇవ్వరు కాబట్టి దాన్ని మనం చదువనం.

ఇక మా ఇళ్లలోని తెలుగు సంగతి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు వైపు, సత్యవేడు ఆంధ్ర వైపు వెళ్లాయి. గీత జరిగినా ఇళ్లలో మాట జరగలేదు. 2006 తమిళనాడు చట్టంతో బడిలో తమిళం తప్పనిసరైంది. మైనారిటీ భాషల పిల్లల మినహాయింపు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తమిళం రావాల్సిందే, సందేహం లేదు. దాంతోపాటు ఇంటి భాషలో నాలుగక్షరాలు అడగడమే నేరమైపోయింది. అమెరికాలో 2007లో సిలికానాంధ్ర మనబడి మొదలైంది. అక్కడి పిల్లలు ఫీజు కట్టి మరీ తెలుగు నేర్చుకుంటున్నారు. వాళ్లకు అక్షరాలొచ్చాయి, వీధిలో పలకరించే మనిషి లేడు. మావాడికి పలకరింపులు బోలెడు, పలక మీద అక్షరం లేదు. ఇద్దరినీ ఒక కాల్‌లో కూర్చోబెడితే ఎవరికెవరు ఫీజు కట్టాలో తేలదు!

ఆన్‌లైన్ పంతుళ్లకు ఒక మనవి. బ్యాచికి ఆరుగురు చాలు. ఇద్దరిద్దరిని విడి గదుల్లోకి పంపి వాదించుకోనివ్వండి. తప్పులు ఆఖర్న దిద్దండి, మధ్యలో కాదు.

అమ్మానాన్నలూ, డబ్బు కట్టేముందు ఒక్కటే అడగండి: "మా బిడ్డ క్లాసులో ఎన్ని నిమిషాలు మాట్లాడతాడు?" జవాబుగా నిమిషాల లెక్క కాకుండా బ్రోషరు వస్తే, ఫీజు కట్టకండి.