రీడ్‌మీ చదివేటోళ్లు ఏరి?

ఇప్పటి పిల్లలకు మోడ్ అంటే ఒక బటన్. నొక్కితే వందల ఫైళ్లు వాటంతట అవే దిగుతాయి, వాటంతట అవే వరుసలో కూర్చుంటాయి. ఆట తెరుచుకుంటే సరే. తెరుచుకోకపోతే ఉన్నదంతా తుడిచేసి ఇంకో మోడ్ల లిస్టు ఎక్కిస్తారు. అందులో ఏముందో, ఎవరు చేశారో, ఏది దేనితో పడదో ఒక్కరికీ పట్టదు. బీర్కూర్‌లో మా ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చునే పోరగాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. తెలివికి ఒక్కడూ తక్కువ లేడు. చదవరు, అంతే.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. నేను చెప్పేది రోల్ ప్లేయింగ్ ఆట సంగతి. అంటే కథలో మనమూ ఒక పాత్రగా తిరిగే ఆట. కంపెనీ అమ్మిన ఆ ఆటకు ఆడేవాళ్లే కొత్త కథలు, ఊళ్లు, మనుషులు, ఆయుధాలు చేసి కలిపితే అది మోడ్. చేసేవాళ్లలో చాలామంది పైసా ఆశించకుండా చేస్తారు. ఎక్కించే పద్ధతి, తీసేసే పద్ధతి, ఏ మోడ్‌తో పడదో ఆ సంగతి, సాయం చేసినవాళ్ల పేర్లు అన్నీ రాసి, రీడ్‌మీ అనే చిన్న ఫైలు జతచేస్తారు.

మా రోజుల్లో ఆ ఫైలు చదవకుండా ముందుకు పోయే దారే లేదు. అసలు మోడ్ చేతికి రావడమే గగనం. బాన్సువాడ నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చుంటే సగం దిగేసరికి కరెంటు పోయేది. డిజిట్ పత్రికతో వచ్చే సీడీల్లో ఏమైనా దొరికితే ఒకరి చేతి నుంచి ఒకరికి పోయేవి. 2005లో డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా ఎంత దించినా లెక్కలోకి రాని ప్లాన్ ఒకటి ఉండేది. వేగం 256 కిలోబిట్లు. ఆరు గంటలూ ఆగకుండా దిగితే ఒక సీడీ నిండుతుంది. నిజామాబాద్‌లో ఆ కనెక్షన్ ఉన్నవాళ్లు అలారం పెట్టుకుని లేచి దించి, సీడీ మీద రాసి ఇచ్చేవాళ్లు. అంత కష్టపడి తెచ్చుకునేది మనకు పనికొస్తుందా, మన దగ్గరున్నవాటితో కలుస్తుందా అని దించకముందే చదివేవాళ్లం. ఇంగ్లిషు రాక ఆగినచోట శంకరనారాయణ డిక్షనరీ తెరిచేవాళ్లం. తెలుగు మీడియంలో చదివిన మాకు ఇంగ్లిషు చదవడం అలవాటు చేసింది ఈ రీడ్‌మీలే.

1998లో వచ్చిన బాల్డర్స్ గేట్, 2000లో వచ్చిన దాని రెండో భాగం మాకు బడి. ఆటలోని మాటలన్నీ డైలాగ్.టీఎల్‌కే అనే ఒకే ఫైల్లో, ప్రతి మాటకూ ఒక నంబరుతో ఉండేవి. తొలి రోజుల్లో కొందరు మోడ్ చేసేవాళ్లు ఆ ఫైలునే మార్చి ఇచ్చేవాళ్లు. రెండో మోడ్ ఎక్కించగానే మొదటిదాని మాటలు మాయం. 2002లో వెస్ వైమర్ అనే ఆయన వైడూ అనే సాధనం చేసి ఈ చిక్కు విప్పాడు. ఆయన తర్వాత కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ అయ్యాడు. వైడూతో ప్రతి మోడ్ తన మాటల్ని పాత ఫైలు చివర చేర్చుతుంది. ఏది ఏ వరుసలో ఎక్కిందో ఒక లాగ్ ఫైల్లో రాసిపెడుతుంది. మధ్యలోది ఒకటి తీయమంటే దాని తర్వాత ఎక్కినవన్నీ ముందు తీసి, దాన్ని తీసేసి, మిగిలినవాటిని మళ్లీ ఎక్కిస్తుంది. దాన్ని వాడినవాడికి వరుస అంటే ఏమిటో ఒంటపడుతుంది. తీయడం తెలిసినవాడే ఎక్కించాలన్న బుద్ధీ వస్తుంది.

2002లోనే మారోవిండ్ వచ్చింది. ఆట డిస్కుతోపాటే కన్‌స్ట్రక్షన్ సెట్ కూడా ఇచ్చారు. ఆట చేసినవాళ్ల పనిముట్టు ఆడేవాళ్ల చేతికి వచ్చింది. రెండు మోడ్లు ఒకే వస్తువును మారిస్తే వెనక లోడయినదే నెగ్గుతుంది. ఆ వరుస ఫైలు తేదీని బట్టి ఉండేది. తేదీ మార్చి వరుస సరిచేసుకునేవాళ్లం. 2006లో వచ్చిన ఆబ్లివియన్‌లో, 2011 నవంబర్ 11న వచ్చిన స్కైరిమ్‌లో ప్రతి వస్తువుకూ ఎనిమిది అక్షరాల నంబరు ఉంటుంది. అందులో మొదటి రెండూ అది ఏ ఫైలుదో చెబుతాయి. పదహారు అంకెల లెక్క కాబట్టి రెండు అక్షరాల్లో పట్టేవి 256. చివరిది సేవ్ చేసిన ఆటకు పోతే మిగిలింది 255. అందుకే అంతకు మించి ప్లగిన్లు, అంటే మోడ్ ఫైళ్లు, పట్టేవి కావు. చోటు తక్కువ కాబట్టి ఏది ఉండాలో ఏది పోవాలో ఆలోచించి ఏరుకునేవాళ్లం. 2017లో తేలిక ప్లగిన్లు వచ్చి ఒక్క నంబరు కింద 4096 దాకా సర్దుకోవడం మొదలైనప్పటినుంచి ఏరుకోవడమనేదే పోయింది.

మొన్న మా తమ్ముడి కొడుకు వచ్చాడు.

“పెద్దబాపూ, గేమ్ ఓపెన్ అయితలేదు.”

“ఏమేం మోడ్లు ఎక్కించినవ్‌రా?”

“ఏమో. లిస్టు మొత్తం ఒక్కసారే దిగింది.”

“నిన్నటికి ఇయ్యాల్టికి ఏం మారింది?”

“ఏం మార్చలే నేను.”

వాడు మార్చలేదు, నిజమే. ఆటే తనంతట తాను అప్‌డేట్ అయింది. వాడు ఆడే స్కైరిమ్‌కు ఎస్‌కేఎస్‌ఈ అనే సాధనం మీద ఆధారపడే మోడ్లు చాలా ఉన్నాయి. ఆట ప్రోగ్రామ్ వెర్షన్ మారితే దానికి తగ్గ కొత్త ఎస్‌కేఎస్‌ఈ కావాలి. అది దాని రీడ్‌మీలోనే రాసి ఉంటుంది. 2024 ఏప్రిల్ 25న ఫాల్అవుట్ 4కు పెద్ద అప్‌డేట్ వచ్చి, ప్రపంచమంతటా ఇలాగే మోడ్లు ఆగిపోయాయి. ఆ ఆట మీద లండన్ నగరాన్ని కట్టిన ఫాల్అవుట్ లండన్ మోడ్ ఆ వారమే రావాల్సింది, జులైకి వాయిదా పడింది. వచ్చాక కూడా ఆటను పాత వెర్షన్‌కు దించుకుంటేనే నడిచింది. చదివినవాళ్లు దించుకుని ఆడారు. చదవనివాళ్లు చేసినవాళ్లను తిట్టారు. నాకు మనసు నొచ్చేది అక్కడే.

ఇప్పటి సాధనాలను నేను తప్పుపట్టను. మాడ్ ఆర్గనైజర్ ప్రతి మోడ్‌నూ వేరే ఫోల్డర్లో ఉంచి, ఆట నడిచేటప్పుడు మాత్రం అన్నీ ఒకేచోట ఉన్నట్టు చూపిస్తుంది. అసలు ఫోల్డర్ చెక్కుచెదరదు. లూట్ అనే సాధనం వరుస సర్దిపెడుతుంది. మాకు అవి మొదట్నుంచే ఉంటే ఎన్ని రాత్రులు నిద్రపోయేవాళ్లమో. 2024 సెప్టెంబర్లో బాల్డర్స్ గేట్ 3కి కంపెనీయే ఆటలోపల మోడ్ మేనేజర్ పెట్టింది. సంతోషం. సాధనం చేతి పని తగ్గించాలి. తలకాయ పని కూడా తనకే వదిలేస్తే ఎట్లా?

చేసినవాడికి దక్కాల్సిన మర్యాద కూడా అడుగంటింది. 2015 ఏప్రిల్లో స్కైరిమ్ మోడ్లకు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ధర పెడితే ఆడేవాళ్లు గోల చేశారు, కొద్ది రోజుల్లోనే ఆ ఏర్పాటు వెనక్కి పోయింది. డబ్బు వద్దన్న మనం కనీసం పేరైనా గుర్తుపెట్టుకోవాలి కదా. 2021లో మోడ్లు పంచుకునే సైటు నెక్సస్ మాడ్స్ వాళ్లు కలెక్షన్లు, అంటే ఒక్కసారే దిగే లిస్టులు, తెచ్చేటప్పుడు, చేసినవాడు తన ఫైలును పూర్తిగా తొలగించుకునే వీలు తీసేశారు. తొలగించినా ఆర్కైవ్‌లో ఉంటుంది. లిస్టులు చెడకూడదని ఆ ఏర్పాటు. కొందరు మనసు కష్టపెట్టుకుని, గడువు లోపలే తమ పనినంతా తీసేసుకుని వెళ్లిపోయారు. లిస్టు దించే పిల్లవాడికి ఈ గొడవ ఎప్పటికీ తెలియదు. వాడికి కనిపించేది లిస్టు పేరొక్కటే.

చదివిన తరం నుంచి చేసేవాళ్లు పుట్టారు. ఆస్ట్రేలియాలో నిక్ పియర్స్ అనే లాయరు 2015లో స్కైరిమ్‌కు ద ఫర్గాటెన్ సిటీ అనే మోడ్ చేశాడు. దాని రచనకు ఆ దేశపు రైటర్స్ గిల్డ్ అవార్డు వచ్చింది. ఉద్యోగం మానేసి దాన్నే విడి ఆటగా తీర్చి 2021లో విడుదల చేశాడు. జర్మనీలో ష్యూర్ఏఐ బృందం 2016లో ఎండెరాల్ పేరిట స్కైరిమ్ మీద ఒక కొత్త లోకాన్నే కట్టింది. ఇలాంటివాళ్లంతా పక్కవాడి ఫైలు తెరిచి, అదెట్ల పనిచేస్తుందో చూసి నేర్చుకున్నవాళ్లే.

మన భాష విషయమే చూడండి. పాత ఆటల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో బొమ్మ. ఇంగ్లిషుకు అది చాలు. ‘స్త్రీ’ రాయాలంటే మూడు హల్లులు, ఒక అచ్చు కలిసి ఒకే ఆకారం కావాలి. ఆ కలపడం ఆ ఆటలకు రాదు. ఆటల సంగతి అటుంచితే, 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరంలో కంటికి కనిపించని ఒక కోడ్ చేరిన రూపం వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లే మూతపడ్డాయి. యాపిల్ వాళ్లు 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేయాల్సి వచ్చింది. తెలుగు మాటలను ఆటలోకి తేవాలంటే మాటల ఫైలూ తెలియాలి, ఫాంటూ తెలియాలి, వరుసా తెలియాలి. బటన్ నొక్కితే వచ్చే పని కాదు.

ఆ పనికి పూనుకునే పిల్లలు మంజీర ఒడ్డున ఈ బీర్కూర్ నుంచి రావాలని నా కోరిక. మాకు లేనివన్నీ వాళ్లకున్నాయి. స్కైరిమ్ క్రియేషన్ కిట్ ఉచితం, బాల్డర్స్ గేట్ 3కి టూల్‌కిట్ ఇచ్చారు, రాత్రి 2 దాకా కాచుకునే పనిలేదు. ఎవరొచ్చినా కూర్చోబెట్టి నాకు తెలిసిందంతా నేర్పుతాను. వచ్చేముందు ఒక్క పని చేసి రండి. ఇప్పటికే ఎక్కించుకున్న మోడ్లలో ఒకదాని రీడ్‌మీ తెరిచి, అడుగున ఉన్న పేర్లతో సహా పూర్తిగా చదవండి. చేసినవాళ్లకు రెండు ముక్కలు థ్యాంక్స్ రాయండి. తర్వాత రండి, కన్‌స్ట్రక్షన్ సెట్ తెరుద్దాం.