విజన్ రకాలు: సాగు వివరాలు

బాపట్ల వైపు రైతుకు అంకె చెబితే విత్తనం గుర్తుపడతాడు. 1061 అంటే మారుటేరు ఇంద్ర. 5204 అంటే సాంబ మసూరి. 1986లో బాపట్ల నుంచే బయటికొచ్చింది. అలాంటి చోట పెద్దలు వేదికెక్కి విజన్ 2020 అని, 2024 అని, ఇప్పుడు 2047 అని అంటుంటే అవీ రకాలే అనుకోవడం మా తప్పు కాదు. కొత్త రకం వచ్చినప్పుడు పంటకాలం ఎంత, దిగుబడి ఎంత, ఏ తెగులుకు లొంగుతుంది అని అడగడం ఇక్కడి ఆనవాయితీ. వాటికి ఎవరూ కరపత్రం వేయలేదు గనుక ఆ పని నేనే చేస్తున్నాను.

2020 రకం. విడుదల: 1999. రూపకర్తలు: ఆనాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, మెకిన్సీ అనే అమెరికా సలహా సంస్థ. పంటకాలం: 21 ఏళ్ళు (సాంబ మసూరిది 150 రోజులు). ముఖ్య లక్షణం: సేద్యం మీద బతికేవాళ్ళను నూటికి 70 నుంచి 40కి తగ్గిస్తుంది. మిగతా ముప్పై మంది ఎక్కడ తేలతారో చెప్పాల్సింది విత్తనం అమ్మినవాళ్ళే గాని, వాళ్ళు అప్పటికే ఫీజు పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఎరువు: ప్రపంచ బ్యాంకు అప్పు, బ్రిటన్ సాయం. ఆ సాయంలో కొంత, ప్రభుత్వ సంస్థలను ఎలా వదిలించుకోవాలో నేర్పడానికి వచ్చిన లండన్ సలహాదారులకే ముట్టింది. దాత చల్లిన ఎరువు దాత గట్టు దాటకపోవడం ఈ రకం ప్రత్యేకత.

దీన్ని పొలంలో పరీక్షించిన సందర్భం ఒకటుంది. 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ పేరిట చిన్న, సన్నకారు రైతులను జ్యూరీగా కూర్చోబెట్టి, అన్ని పక్షాల వాదనలూ వినిపించి తీర్పు అడిగారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మమ్మల్ని పొలం నుంచి పంపించే లెక్క మాకొద్దన్నారు. బ్రిటన్ అభివృద్ధి శాఖ వారికి దీంతో మనసు కష్టమైంది. అయితే తప్పు రకంలో కనిపించలేదు, పరీక్ష పెట్టిన పద్ధతిలో కనిపించింది.

ఇక దిగుబడి. 2020 నాటికి పొలం నుంచి కొందరు వెళ్ళిన మాట నిజమే. విజన్ చదివి కాదు, గిట్టుబాటు కాక. పూర్తిగా వెళ్ళిపోయింది మాత్రం ఆ బ్రిటన్ శాఖే. సరిగ్గా 2020 సెప్టెంబరులో దాన్ని విదేశాంగ శాఖలో కలిపేశారు. ఇంత కచ్చితంగా గడువు పాటించిన అంశం ఆ రకంలో ఇంకొకటి ఉంటే చూపించండి.

2024 రకం. విడుదల: 2018. మార్కెట్ పేరు: జీరో బడ్జెట్. పంటకాలం: ఆరేళ్ళు. లక్ష్యం: 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు, రసాయనం చుక్క లేకుండా. పెట్టుబడి అంచనా: 230 కోట్ల డాలర్లు. సున్నా పక్కన ఇన్ని సున్నాలు పెట్టడానికి ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ, బీఎన్‌పీ పరిబా అనే ఫ్రాన్స్ బ్యాంకు చేతులు కలిపాయి. పేడ, బెల్లం, శనగపిండి కలిపి జీవామృతం చేసే రైతుకు అప్పు అక్కర్లేదు. ఆ రైతు పేరు చెప్పే ప్రభుత్వానికి కావాల్సి వచ్చింది.

మందుల ఖర్చు తగ్గించుకుని నాలుగు రూపాయలు మిగుల్చుకున్న రైతులున్నారు. వాళ్ళకు నేర్పిన పొదుపు సంఘాల మహిళలున్నారు. వాళ్ళను తక్కువ చేస్తే కళ్ళు పోతాయి. నా పేచీ గడువుతోనే. తర్వాత పథకం పేరులోంచి జీరో బడ్జెట్ జారిపోయింది. 2024 వచ్చింది, 60 లక్షలు రాలేదు. పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. బహుమతి వచ్చాక గడువు సంగతి ఎత్తితే అశుభం.

2047 రకం. విడుదల: 2024 డిసెంబరు 13. పేరు: స్వర్ణాంధ్ర. దిగుబడి: 2.4 లక్షల కోట్ల డాలర్ల రాష్ట్ర ఆదాయం, తలసరి 42 వేల డాలర్లు. పంటకాలం: 23 ఏళ్ళు. ఆరేళ్ళ రకంతో చేతులు కాలాక మళ్ళీ దీర్ఘకాలిక రకానికే వచ్చారన్నమాట. దీనిలో సుగుణం, కోతల నాటికి విత్తినవాళ్ళు కళ్ళంలో ఉండరు.

పైవాళ్ళ సాయమే పాపమని నేననను. 5204 పుట్టుక చూడండి. మద్రాసు కాలం నాటి జీఈబీ 24ను తైవాన్ నుంచి వచ్చిన తైచుంగ్ నేటివ్ 1తో కలిపి, దాన్ని మసూరితో సంకరం చేశారు. ఆ మసూరి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపిన సంకరణ పథకంలో పుట్టి మలేసియాలో విడుదలైంది. అంతర్జాతీయ సహకారం అంటే అదే. గింజ వచ్చింది, ఉపన్యాసం రాలేదు. పైగా ఈ రకం అగ్గితెగులుకు, ఆకు ఎండు తెగులుకు లొంగుతుందని శాస్త్రవేత్తలే చెప్పారు. చెప్పి ఊరుకోక, ఎండు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని 2008లో హైదరాబాదు శాస్త్రవేత్తలు తెచ్చారు. ఫలానా తెగులుకు లొంగుతుంది అని అచ్చేసుకున్న విజన్ పత్రాన్ని ఎవరైనా చూశారా?

సూర్యలంక ఇసుక నేలల్లో ఉప్పునీటి మీద మంచినీరు పల్చగా తేలుతుంది. లోతుగా తోడితే ఉప్పు పైకి తన్నుతుంది. అది తెలిసిన రైతులు తరతరాలుగా దొరువులు తవ్వి కడవలతో మొక్కలకు పోసుకున్నారు. బాపట్ల ఉప్పునీటి పరిశోధన పథకం వాళ్ళు వచ్చి దొరువు పూడ్చమనలేదు. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పైనున్న మంచినీటినే బావిలోకి చేర్చి మోటారుతో తోడుకునే ఏర్పాటు చేశారు. రైతుకు తెలిసినదాని మీద శాస్త్రం నాలుగు గొట్టాలు వేసింది, కడవ మోత తప్పింది.

వరిలో ఏ రకాన్నయినా విడుదలకు ముందు చిరుసంచుల్లో రైతుల పొలాలకు పంపుతారు. అక్కడ ఓడితే ఎంత పెద్ద శాస్త్రవేత్త కన్నబిడ్డ అయినా ఇంటికే. 2047కూ ఆ పరీక్ష పెట్టండి. సూర్యలంక ఇసుక రైతుకొకటి, తెనాలి నిమ్మతోట రైతుకొకటి, రేపల్లె కౌలురైతుకొకటి, మూడు సంచులు చాలు. ఈ ఏడాది ఏమిస్తారో రాసి పంపండి, వచ్చే సంక్రాంతికి లెక్క చూసుకుందాం. అంత చిన్న సంచిలో 2.4 లక్షల కోట్ల డాలర్లు పట్టవంటారా? కౌలు కార్డు పడుతుంది. దాని మీద బ్యాంకు ఇవ్వాల్సిన అప్పు పడుతుంది. ముందు ఆ రెండూ వేసి మూతి కట్టండి.