దూరపు పొలంలో జీవాలు పెంచేవారికి తలకిందుల సలహాలు

మునగాలలో నాలుగెకరాలు, కొలువేమో హైదరాబాదులో. మధ్యలో 65వ నంబరు జాతీయ రహదారి, నూట యాభై కిలోమీటర్ల పైమాటే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఇలా భూమి ఒకచోట, బతుకు ఒకచోట అయినవాళ్లు చాలామందే ఉన్నారు. పొలం ఊరికే ఉందని పది బర్రెలో, యాభై గొర్రెలో తోలేద్దామనుకుంటారు. వాళ్లకే ఈ సలహాలు. వినగానే తిక్కగా తోస్తాయి. అయినా పాటించమనే అంటాను. లెక్క తప్పితే మీకు పోయేది డబ్బే, అక్కడ పోయేది నోరులేని జీవం ప్రాణం.

మొదటి ఏడాది ఏమీ కొనకండి. వరికోతలయ్యాక మెట్ట ఊళ్ల నుంచి గొర్రెల మందలు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు దిగుతాయి. రాత్రికి ఇంతని మాట్లాడుకుని మీ పొలంలో నాలుగు రాత్రులు మంద కట్టించుకోండి. నేలకు ఎరువు దక్కుతుంది, మీకు కాపరుల పరిచయం దక్కుతుంది. మళ్లీ కాలువకు నీళ్లు వదిలి నాట్లు పడగానే వాళ్లు మందతో ఎందుకు వెళ్లిపోతారో అక్కడే నిలబడి చూడండి. చుట్టూ వరే. గట్ల మీది గడ్డి తప్ప మేపు ఉండదు. ఆ నాలుగు నెలలూ మీ గొర్రెలు ఏం తింటాయో చెప్పగలిగినప్పుడు కొనండి. చెప్పలేకపోతే అవి పక్కవాడి మడిలో పడతాయి, మీరు ఊళ్లో లేని రోజున బందెలదొడ్డికి చేరతాయి.

ప్రభుత్వ పథకం లెక్క చూసి ఆశపడకండి. 2017లో తెలంగాణ సర్కారు మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అప్పటి ధర లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం సబ్సిడీ. ఆ జీవాలు అందుకున్నది తరతరాలుగా మంద కాసిన గొల్లకుర్మలు. ఆ ఇళ్లలో కాపరి కూలి ఖర్చు రాయరు, ఎందుకంటే కాపరి ఇంటివాడే. మీ కాగితం మీద మాత్రం మొదట రాయాల్సింది అదే.

కొట్టానికంటే ముందు మనిషికి ఇల్లు కట్టండి. ఫ్యాను, మరుగుదొడ్డి, నీళ్ల కుళాయి ఉన్న రెండు గదులు. జీవాలకు రేకుల పాక చాలు. నేల మాత్రం మెరకగా, తడి ఆరేలా ఉండాలి. చిత్తడిలో నిలబడితే గొర్రెకు గిట్టలు పాడవుతాయి.

కెమెరాలు పెట్టకండి. ఇది చెబితే నాతో వాదానికి దిగుతారు. దొంగల్ని పట్టడానికి అవి పనికొస్తాయేమో గానీ పెంపకానికి పనికిరావు. బర్రె సంగతే తీసుకోండి. బర్రెది మూగ ఎద. ఆవులా అరిచి ఊరందరికీ చెప్పదు. తెల్లవారుజామున పాలు పిండడానికి కూర్చున్నవాడికి ఆ పూట పాలు సరిగ్గా చేపకపోవడం తెలుస్తుంది. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, తోక కింద గాజులాంటి తీగ వేలాడటం కనిపిస్తాయి. పొద్దున కనిపిస్తే సాయంత్రానికి, సాయంత్రం కనిపిస్తే మర్నాటి పొద్దుటికి కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను పిలిపించి సూది వేయించాలి. తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. అలా మూడుసార్లు తప్పితే రెండు నెలల మేత దండగ, ఈత అంత వెనక్కి జరుగుతుంది. మీ ఫోనులో మాత్రం ఆ బర్రె హాయిగా నెమరేస్తూ కనిపిస్తుంది.

మిమ్మల్ని అడక్కుండా ఖర్చుపెట్టే హక్కు అక్కడున్న మనిషికి ఇవ్వండి. చేతిలో కొంత సొమ్ము ఉంచండి, లెక్క తర్వాత చూసుకోవచ్చు. మన వరి సీమలో బర్రె కట్టు తెంచుకుని వడ్ల రాశి మీద పడటం కొత్తేమీ కాదు. కడుపు నిండా వడ్లు మెక్కిన పశువుకు పొట్టలో పులుపు పుడుతుంది, నెమరు ఆగుతుంది, పడిపోతుంది. ఎండకు వాడిన లేత జొన్న మేసి నాము కొట్టినా అంతే. జొన్నలోని సైనైడు విషం గంటలోపే ప్రాణం తీయగలదు. మీరు మీటింగులోంచి బయటికొచ్చి ఫోనెత్తేదాకా అది ఆగదు. సంచార పశువైద్యశాల నంబరు 1962కి గానీ, దగ్గరి పశువైద్యుడికి గానీ ఆ మనిషే ఫోను చేయాలి. చేశాక ‘నాతో ఒక మాట చెప్పలేదేం’ అని అడగకండి. అలా అడిగితే, ఇంకోసారి మీ మాట కోసం ఎదురుచూస్తాడు.

జీతం ఇవ్వకండి, వాటా ఇవ్వండి. పుట్టిన పిల్లల్లో సగం అతనివి. ఎక్కువనిపిస్తుంది. కానీ అర్ధరాత్రి గొర్రె ఈనలేక తన్నుకుంటుంటే లేచి చూసేది నెల జీతం లెక్కలో రాదు. వెట్టికి ఎదురు తిరిగిన పరగణా మునగాల. అక్కడ మనిషిని వాటాదారుగా పిలిస్తేనే పొందిక.

ఆదివారాలు వెళ్లకండి. మీరొస్తారని తెలిసి కొట్టం కడిగి ఉంచుతారు, చూసేదేమీ ఉండదు. పశువుల ఆసుపత్రి పనిచేసే వారపు రోజున వెళ్లండి. ముఖ్యంగా వానలకు ముందు చిటుకరోగం, గొంతువాపు టీకాలు వేసే రోజున. గొర్రె కాళ్లు మీరే పట్టుకోండి. ఏది బక్కచిక్కిందో, ఏది ముక్కు కారుస్తోందో చేతికి తెలుస్తుంది. చెవి ట్యాగు ఊడిన జీవానికి ఆరోజే కొత్తది వేయించి, బీమా కాగితంలో మార్పించండి. ట్యాగు లేకపోతే సొమ్ము రాదు.

రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర. మీ కాపరి యాదవుడైతే ఆ రోజుల్లో ఉండమని అడగకండి. మీరే సెలవు పెట్టి వచ్చి కొట్టంలో పడుకోండి, మేపుకు తోలండి. ఆ ఐదు రోజులు మీరు ఉండలేనిచోట అతను ఏడాదంతా ఎలా ఉంటున్నాడో అప్పుడు అర్థమవుతుంది. అర్థమైతే వాటా గురించి మళ్లీ మాట్లాడరు.

అతను మానేస్తానంటే కొత్తవాణ్ని వెతక్కండి. ఆ నెలలోనే మంద ఖాళీ చేయండి. దళారికి కబురు పెట్టేముందు ధర అతనికే చెప్పండి. వాయిదాల మీద అడిగినా ఒప్పుకోండి.