మగ్గం గుంటలో పదివేల అడుగులు

జనవరి ఒకటో తేదీ వచ్చిందంటే చీరాల దగ్గరి ఈపురుపాలెంలో మగ్గం నేసిన ముసలివాళ్ళకు కొత్త కొలువు పడుతుంది. ఉత్తర్వు వాట్సాప్‌లో దిగుతుంది. పంపేది డల్లాస్‌లోనో గచ్చిబౌలిలోనో ఉన్న కొడుకు. రోజుకు పదివేల అడుగులు నడవాలి. తెల్లన్నం మానాలి, ఉప్పు తగ్గించాలి. నలుగురిలో కలవాలి. బాత్రూములో జారిపడకుండా జాగ్రత్తగా ఉండాలి. పడుకునే ముందు జీవితం ఇచ్చినవాటికి కృతజ్ఞతలు చెబుతూ డైరీ రాయాలి. జీతం లేదు, సెలవు లేదు, సంక్రాంతి వెళ్ళగానే తనిఖీ మాత్రం ఉంటుంది.

"నాన్నా, నడుస్తున్నావా?"

"ఆఁ, నడుస్తూనే ఉన్నాన్రా" అంటాడాయన, మంచం మీద కాలు మీద కాలేసుకుని.

ఆయన అబద్ధమాడాడని మీరనుకుంటే మగ్గం సంగతి మీకు తెలియదన్నమాట. చీరాల చుట్టుపక్కల గుంట మగ్గం మీద పెరిగినవాడు బడికెళ్ళే వయసులోనే కాళ్ళు గుంటలోకి దించాడు. నాడె అటు ఒకసారి, ఇటు ఒకసారి. ప్రతిసారీ కాలి కింద చెక్క తొక్కాలి. చీర పూర్తయ్యేసరికి ఎన్నిసార్లు తొక్కాడో లెక్కపెట్టిన కొడుకు ఇంకా పుట్టలేదు. జేబులో ఫోను పెట్టుకుని రోజంతా నేసినా ఆ ఫోను వాటిని అడుగులుగా లెక్కపెట్టకపోవచ్చు, కూర్చున్న మనిషి ఒళ్ళు నడిచినట్టు ఊగదు గనక. పోనీ వాచీ చేతికి కట్టుకుంటే నాడె తాడు లాగిన ప్రతిసారీ అడుగేశాడనుకుని, మధ్యాహ్నానికే శభాష్ అంటుందేమో. మోకాళ్ళూ నడుమూ ఆ గుంటలోనే అరగదీసుకున్న మనిషికి ఇప్పుడు కాళ్ళు కదపమని హితబోధ!

ఇంతకీ ఈ పదివేల లెక్క ఏ ధన్వంతరి చెప్పింది? ఎవరూ చెప్పలేదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటేడు, 1965లో, ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని పదివేల అడుగుల పేరుతో అమ్మింది. సరుకు మీద వేసిన అంకె శాస్త్రమై కూర్చుంది. 2019లో హార్వర్డ్ పరిశోధకులు సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది ఆడవాళ్ళ నడకను కొలిచారు. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళకన్నా 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువున్నాయి. 7,500 దాటాక అదనంగా కలిసొచ్చిందేమీ కనబడలేదు. అంటే కిరాణా కొట్టుకీ గుడికీ వెళ్ళొచ్చే మామ్మ, ఎవరి ఉత్తర్వూ లేకుండానే, సగం పరీక్ష పాసయిపోయి కూర్చుంది. ఈ కబురు మాత్రం ఏ కొడుకూ ఫార్వర్డ్ చేయడు. కుక్కల్నీ లారీల్నీ తప్పించుకుంటూ బాపట్ల రోడ్డు మార్జిన్లో తెల్లారగట్ల నడవమని మాత్రం చెబుతాడు.

తిండి సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. జొన్నలూ సజ్జలూ తిని పెరిగిన తరం ఇది. పేదింట్లో వరన్నమంటే పండగ. 1983లో ఎన్టీఆర్ కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చాకగాని చాలా ఇళ్ళలో రోజూ తెల్లన్నం ఉడకలేదు. నలభై ఏళ్ళు తిరిగాయి. మన దేశం అడగ్గా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమంది. అంతే, ఒకప్పుడు సిగ్గుపడుతూ తిన్న సజ్జలు నిగనిగలాడే ప్యాకెట్లో, సన్నబియ్యాన్ని మించిన ధరతో ఇల్లు చేరాయి. లేమిలో తిన్నప్పుడు అది కూడు, కోడలు కొరియర్లో పంపితే ఆరోగ్యం. రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మంచి మాటే, కాదనను. కానీ వాడరేవు ఎండుచేపా ఆవకాయ ముక్కా తీసేస్తే, ఆ ప్యాకెట్ జావ గొంతు దిగేదెలా?

నలుగురిలో కలవమన్నారు కదా. కలిసేచోటు అరుగు. దాన్ని కొట్టించి కారు షెడ్డు కట్టించింది, ఇనప గేటు పెట్టించింది ఈ కొడుకే. కారు ఏడాదికోసారి వస్తుంది. జారిపడొద్దన్నారు. బాత్రూములో అద్దంలాంటి టైల్సు వేయించింది కూడా ఆయనే, గృహప్రవేశం ఫొటోల్లో మెరవాలని. పెద్దవాళ్ళు వారానికి మూడు రోజులైనా తూలిపోకుండా నిలబడే వ్యాయామాలు చేయాలని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన ముసలాయన ఆ టైల్సు మీద రోజూ రెండు పూటలా చేస్తున్నాడు, పట్టుకోవడానికి గోడకు కడ్డీ కూడా లేకుండా.

కృతజ్ఞతల డైరీలో ఏం రాయాలో మాత్రం నాకు పాలుపోలేదు. నూలిచ్చి చీర పట్టుకెళ్ళే మాస్టర్ వీవరుకు రాయాలా? రాష్ట్ర ప్రభుత్వానికయితే రాయొచ్చు. మిగతావాళ్ళకు 60 ఏళ్ళకిచ్చే పింఛను నేతగాడికి 50కే ఇస్తోంది, 2024 జులై నుంచి నెలకు 4,000. మగ్గం మనిషిని పదేళ్ళు ముందే ముసలివాణ్ణి చేస్తుందని సర్కారు ఖాతా పుస్తకం ఒప్పుకుంది, కొడుకు జాబితా ఒప్పుకోలేదు.

పదివేలంటే గుర్తొచ్చింది. తల్లిదండ్రుల పోషణకని 2007లో చేసిన చట్టంలోనూ ఆ అంకె ఉంది. ట్రిబ్యునల్ ఇప్పించగల నెల భత్యం పదివేల రూపాయలు మించకూడదట. అడుగులకేమో అది కనీసం, రూపాయలకేమో అది గరిష్ఠం.

వచ్చే జనవరికి ముసలాళ్ళే ఒక జాబితా పంపితే బాగుంటుందని నా దుర్బుద్ధి. గరుకు టైల్సు, గోడకు కడ్డీ, శుక్లాల ఆపరేషనుకు పక్కన ఒక మనిషి, వాకిట్లో కూర్చోవడానికో బల్ల, నెలనెలా మందుల డబ్బులు. ఫిబ్రవరిలో తనిఖీ ఫోను కూడా వాళ్ళే చేయాలి.

"ఏరా, చేయిస్తున్నావా?"

"ఈ ఏడు కాస్త టైటుగా ఉంది నాన్నా. నువ్వు ముందు ఆ నడక మానకు."