ఓట్స్ చేలో పిట్ట: సటీకా తాత్పర్యము

మూలము: తూరుపు గాలి. సన్న చినుకు. ఓట్స్ చేలో గోధుమవన్నె పిట్ట యొకటి. అందరును జూచిరి.

అవతారిక. స్కాట్లండుకు ఉత్తరాన, ఆర్క్నీ, షెట్లండ్ దీవులకు నడుమ ఫెయిర్ ఐల్ అనే దీవి ఉంది. పొడవు 5 కిలోమీటర్లు. జనం యాభై అరవై మందికి మించరు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పిట్టల కోసం అక్కడికి చేరేవారి నోటుపుస్తకంలో రోజంతటికీ కలిపి మిగిలేది ఇలాంటి వాక్యమే. పైకి తేలికే గానీ, వ్యాఖ్యానం లేకపోతే కొరుకుడుపడదు.

‘తూరుపు గాలి’ యనగా, రష్యా వైపు నుంచి దక్షిణానికి బయలుదేరిన చిరుపక్షులను ఉత్తర సముద్రం మీదికి తోసేది. ‘సన్న చినుకు’ యనగా, అలా కొట్టుకొచ్చినవాటికి ముందుదారి కానరాకుండా చేసి, దొరికిన మొదటి నేల మీద దించేది. ఈ రెండూ కూడితేనే శుభలగ్నం. నీలాకాశం, నులివెచ్చని ఎండ, పడమటి గాలి ఉన్న నాడు తక్కిన యాత్రికులు ఫొటోలు దిగుతారు. వీరు మాత్రం ముఖాలు వేలాడేసుకుని టీ తాగుతారు.

‘ఓట్స్ చేలో’ అని ప్రత్యేకించి చెప్పనేల? దీవిలో చెట్లు దాదాపు లేవు గనుక. నక్కడానికి చోటు కావలసిన పిట్ట చిన్న చిన్న ఓట్స్ మళ్ళలోనో, టర్నిప్ ఆకుల కిందో, రాతిగోడల సందుల్లోనో, సముద్రపు కొండచరియల చీలికల్లోనో దూరాలి. స్థానికులు ఆ చీలికలను ‘గియో’లంటారు. ఇక వెదికేవారు చేయవలసిందల్లా తడిసిన బూట్లతో వీటిని ఒక్కొక్కటే గాలించడం.

‘అందరును’ అనగా ఎందరు? ఇక్కడొక ఆక్షేపణ. పిట్టను దించే మబ్బూ మంచే మనుషుల చిన్న విమానాన్ని దిగనివ్వవు గదా? నిజమే. అప్పుడు ‘గుడ్ షెపర్డ్’ నావ గతి. అలలు లేస్తే అదీ ఆగుతుంది. లేవకపోయినా ఎక్కినవారు తిన్నదంతా సముద్రానికి నైవేద్యం పెట్టవలసి రావచ్చు. కాబట్టి ‘అందరును’ అంటే ముందే వచ్చి ఇరుక్కున్నవారని అన్వయం.

ఈ దీవిలోని పక్షి పరిశీలన కేంద్రానికి ఆద్యుడు జార్జ్ వాటర్‌స్టన్. రెండో ప్రపంచయుద్ధంలో, 1941లో క్రీటు దీవిలో జర్మన్లకు చిక్కాడు. యుద్ధఖైదీల శిబిరంలో కూర్చుని ఫెయిర్ ఐల్‌లో పక్షి పరిశీలన కేంద్రం ఎలా పెట్టాలో పథకాలు వేశాడు. ముళ్ళకంచె వెనక ఉన్న మనిషికి ఇంతకన్నా మంచి ధ్యాస ఏముంటుంది? 1947లో ఆ దీవినే కొన్నాడు. మరుసటి ఏడు నౌకాదళం వదిలేసిన గుడిసెల్లో కేంద్రం మొదలైంది. 1954లో దీవిని స్కాట్లండ్ నేషనల్ ట్రస్టుకు అప్పగించాడు. తర్వాత కట్టిన భవనం 2019 మార్చిలో కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. సాయంత్రం అందరూ చేరి, జాతి జాతి పేరూ చదువుతూ ఎన్ని కనబడ్డాయో చెప్పుకోవడం అక్కడి నిత్యపారాయణం.

‘జూచిరి’ అన్నచోట ‘జూచితిమనుకొనిరి’ అని పాఠాంతరం. వ్యాఖ్యాతకు ఇదే సమ్మతం. ఏలయన, ఆ గోధుమవన్నె పిట్ట బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ కావచ్చు, మార్ష్ వార్బ్లర్ కావచ్చు, వట్టి రీడ్ వార్బ్లర్ కావచ్చు. మూడూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. రెక్క ఈకల పొడవుల్లోని తేడా మిల్లీమీటర్లలో తేలాలి. సంశయం తీరాలంటే పిట్ట చేజిక్కాలి: గరాటులా సన్నబడుతూ పోయే ‘హెలిగోలాండ్’ వలగూటిలోకి దాన్ని తోలి, కొలిచి, కాలికి ఉంగరం తొడిగి వదిలేస్తారు.

తాత్పర్యము. వానలో తడిసి, నావలో తిప్పలుపడి, పది పన్నెండు గ్రాముల పిట్ట తోక చివర చూసి ఆనందించారని భావము.

విశేషము. ఆ పిట్ట బ్లైత్స్ రీడ్ వార్బ్లరే అయిన పక్షంలో తెలుగు పాఠకుడికి చిన్న అధికారం సంక్రమిస్తుంది. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్ 1849లో శాస్త్రానికి పరిచయం చేసిన జాతి ఇది. ఫిన్లండ్ నుంచి సైబీరియా దాకా గూళ్ళు కట్టి, చలికాలం గడపడానికి మన దేశానికి వస్తుంది. ఫెయిర్ ఐల్ చేరింది దారి తప్పిన పిట్ట; తప్పనిది మన ఊళ్ళలోనే ఉంటుంది. చలికాలం ఉదయం పెరటి కంచెలోంచి, గోరింట పొదలోంచి ‘చక్, చక్’ అని వినబడితే ఒక్క నిమిషం నిలబడి చూడండి. నావ ఎక్కనక్కరలేదు.